నల్లమల అంచున తొలి వేసవి: ఎండును చదవడం, కార్చిచ్చును ఆపడం

నల్లమలలో నిప్పు కాలం ఉగాది తరువాత మొదలవుతుందని బయటివారు అనుకుంటారు. అడవి అంచున బతికేవారికి మాత్రం అది సంక్రాంతి వెళ్ళగానే మొదలవుతుందని తెలుసు. వానాకాలంలో నడుము ఎత్తు పెరిగిన బోదగడ్డి జనవరి చివరికి పసుపు రంగుకు తిరిగి నిలువునా ఎండిపోతుంది. ఫిబ్రవరిలో టేకు, నల్లమద్ది, చిరుమాను ఒకదాని వెనక ఒకటి ఆకు రాలుస్తాయి. మార్చి మొదటి వారం నాటికి కొమ్మల కింద నీడ ఉండదు. నేల మీద మాత్రం మడమ మునిగేంత ఆకు పరుచుకొని ఉంటుంది. నీడ పోయినందువల్ల ఎండ నేరుగా ఆ ఆకు మీదనే పడుతుంది, గాలి కూడా అడ్డు లేకుండా నేలను తాకుతూ వీస్తుంది. అందువల్ల మే నెల ఎండలకంటే మార్చి, ఏప్రిల్ నెలల అడవే నిప్పుకు ఎక్కువగా సిద్ధంగా ఉంటుంది.

ఈ మార్గదర్శిని మహానంది, ఆత్మకూరు, దోర్నాల, గిద్దలూరు, మన్ననూరు వైపు అడవి అంచు ఊళ్ళలోనూ గూడేలలోనూ ఉండేవారికి, వన సంరక్షణ సమితుల సభ్యులకు, ఆ నెలల్లో అడవి దారిన శ్రీశైలం నడిచే భక్తులకు ఉద్దేశించినది. శేషాచలం, పాలకొండ, వెలిగొండ అంచున ఉన్నవారికి కూడా ఇందులోని చాలా విషయాలు యథాతథంగా వర్తిస్తాయి. ముందుగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఈ రోజు నిప్పు ప్రమాదం ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఉష్ణోగ్రత అంకెలో కంటే కాలి కింది ఆకులోనే స్పష్టంగా దొరుకుతుంది. ఆకులో మిగిలిన తేమ, గాలి, వాలు, వేళ అనే నాలుగింటిని కలిపి చూడడం అలవాటు చేసుకున్న మనిషి, ఏ పరికరమూ లేకుండానే ఆ రోజు ప్రమాదాన్ని చాలావరకు సరిగా అంచనా వేయగలడు.

ఆకును చదవడం

నల్లమలలో వచ్చే మంటల్లో అత్యధికం నేల మంటలు. చెట్ల తలలు అంటుకొని దూకే మంటలు ఇక్కడ అరుదు. గడ్డి, రాలుటాకు, ఎండు పుల్లలు, లాంటానా పొదలు తగలబడుతూ మంట నేల మీద పాకుతుంది. కాబట్టి ఆ నేల మీది సరుకు ఎంత ఎండిందన్నదే అసలు లెక్క. సన్నని ఎండు సరుకు చుట్టూ ఉన్న గాలి నుంచి తేమను పీల్చుకుంటూ, తిరిగి వదులుతూ ఉంటుంది. ఆ తేమ బరువులో 25 నుంచి 30 శాతం దాటితే మంట సాగదు. 10 శాతానికి దిగితే సులువుగా అంటుకుంటుంది. 5 శాతం దగ్గరకు చేరితే ఆర్పని బీడీ ముక్క కూడా సరిపోతుంది.

దీన్ని చేతితో తెలుసుకోవచ్చు. ఉదయం ఆరు గంటలకు టేకు ఆకునో మద్ది ఆకునో అడుగు పొర నుంచి కాక పైపొర నుంచి తీసి పిడికిట్లో నలపాలి. అది మెత్తగా ముడుచుకొని, చేయి తెరిస్తే మళ్ళీ విచ్చుకుంటే రాత్రి తేమ ఇంకా అందులో ఉన్నట్టు. చప్పుడు చేస్తూ ముక్కలైతే ఆ రోజు జాగ్రత్తగా ఉండాలి. పొడిగా రాలిపోతే, అదీ తెల్లవారుజామునే అలా రాలితే, రాత్రి కూడా ఆకు తేమ పట్టలేదని అర్థం. అటువంటి రోజున అడవిలోకి ఏ రూపంలోనూ నిప్పు తీసుకువెళ్ళకూడదు. ఇదే పరీక్ష పది గంటలకు మరోసారి చేయాలి, ఎందుకంటే ఎండ ఎక్కే ఆ మూడు నాలుగు గంటల్లోనే ఆకు స్వభావం పూర్తిగా మారిపోతుంది. ఆకు తరువాత చిటికెన వేలంత లావు పుల్లను విరిచి చూడాలి. వంగి నారలా సాగితే లోపల తేమ ఉంది; టక్కుమని ఒక్క విరుపులో తెగితే అది కూడా మంటకు మేత అయ్యే స్థితికి వచ్చింది.

పుల్ల లావును బట్టి ఎండే కాలం మారుతుంది. అడవి నిప్పును అధ్యయనం చేసేవారు దీన్ని 1, 10, 100, 1000 గంటల సరుకుగా విభజిస్తారు. గడ్డిపోచ, ఆకు, 6 మిల్లీమీటర్లలోపు పుల్ల దాదాపు గంటలోనే చుట్టూ ఉన్న గాలికి తగ్గట్టు మారిపోతాయి. వేలంత పుల్లకు పది గంటలు, చేతి మణికట్టంత కొమ్మకు వంద గంటలు, పడిపోయిన మానుకు వెయ్యి గంటలు పడుతుంది. ఈ లెక్క వల్ల ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. ఏప్రిల్‌లో ఒక జల్లు పడగానే ప్రమాదం తప్పిందని ఊపిరి పీల్చుకుంటాం. ఆ జల్లు ఆకును తడిపింది నిజమే, కానీ మరునాడు మధ్యాహ్నానికి ఆకు మళ్ళీ మొదటి స్థితికి వస్తుంది. మానులోకి ఆ నీరు దిగనే లేదు. అందుచేత జల్లు తరువాత ఒక పూట మాత్రమే విశ్రాంతి. ఇది నేను ప్రత్యేకంగా నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే కావలి సడలేది సరిగ్గా ఆ మరునాడే.

గాలిలో తేమను తెలుసుకోవడం

ఒకే గాలి వేడెక్కిన కొద్దీ పొడిబారుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీల వద్ద 70 శాతం తేమ ఉన్న గాలి, కొత్త తేమ ఏదీ చేరకుండా మధ్యాహ్నం 40 డిగ్రీలకు వేడెక్కితే, దాని తేమ శాతం సుమారు 30కి దిగిపోతుంది. అందులో నీరు తగ్గలేదు, నీటిని పట్టుకోగల శక్తి పెరిగింది. ఆ దాహం తీర్చుకునేందుకు అది ఆకులోని తేమను లాగేస్తుంది. పడమటి నుంచి పొడిగాలి వీచే రోజున మధ్యాహ్నం తేమ ఇంకా కిందికి పోతుంది.

భారత వాతావరణ శాఖ వారి మౌసమ్, రైతుల కోసం రూపొందించిన మేఘదూత్ అనే మొబైల్ యాప్‌లలో రోజువారీ సూచనలు దొరుకుతాయి. నల్లమల విస్తరించిన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాలలోనూ మండల స్థాయిలో స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. వాటి అంకెలను కూడా చూడవచ్చు. అయితే వాటిని చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, వడగాడ్పు హెచ్చరిక మనిషి ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకొని ఇచ్చేది. మైదానంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైనప్పుడో, లేదా 45 డిగ్రీలు తాకినప్పుడో వడగాడ్పు అంటారు. మార్చిలో 37 డిగ్రీల రోజున ఏ హెచ్చరికా ఉండదు. అయినా ఆ రోజు తేమ 20 శాతం ఉండి గాలి వీస్తుంటే అడవికి అదే గండం. రెండవది, వాతావరణ కేంద్రం సాధారణంగా మండల కేంద్రంలో, మైదానంలో ఉంటుంది. కొండ చరియ మీది ఎండ, గాలి దానికి భిన్నంగా ఉంటాయి. కాబట్టి అంకెను చూడండి, ఆ తరువాత ఆకును నలిపి చూడండి.

ఫోను అందని గూడెంలో కుండ ఈ పని చేస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే మట్టికుండ చెమ్మ అంత త్వరగా ఆవిరై నీళ్ళు అంత చల్లబడతాయి. నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్న రోజు, తడిబట్ట అరగంటలో గరుకుగా ఆరిపోయిన రోజు, పెదవులు పగిలిన రోజు అడవికి మంచిరోజు కాదు.

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల సాయంతో 2004 నుంచి నిప్పు జాడలను కనిపెట్టి అటవీ శాఖకు పంపుతోంది. కెనడాలో రూపొందిన అగ్ని వాతావరణ సూచిక ఆధారంగా ఏ ప్రాంతంలో ప్రమాదం పెరుగుతుందో ముందుగా కూడా చెబుతోంది. వన్ అగ్ని అనే దాని పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే మన ప్రాంతపు హెచ్చరిక సందేశాలు సామాన్యులకు కూడా వస్తాయి. ప్రతి సమితిలో కనీసం ఇద్దరు ఇలా నమోదు చేసుకోవడం మంచిది. కానీ ఉపగ్రహం పగలంతా మన కొండ మీద నిలబడి ఉండదు. చిన్న మంటలను బాగా పట్టుకునే ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో పైనుంచి దాటుతాయి. సాయంత్రం మూడు గంటలకు పుట్టిన మంట వాటి కంట పడేది అర్ధరాత్రి దాటాకనే. ఆ పది గంటల ఖాళీని పూడ్చగలిగింది గుట్ట మీద కూర్చున్న కావలి మనిషి కన్ను మాత్రమే.

గాలి, వాలు, వేళ

గాలి వేగాన్ని చెట్టును చూసి చెప్పవచ్చు. ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటే గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. దుమ్ము, కాగితం ముక్కలు లేస్తూ చిన్న కొమ్మలు ఊగుతుంటే 20 నుంచి 28. చిన్న చెట్లు మొత్తంగా ఊగుతుంటే 29 నుంచి 38. ఇతర దేశాల్లో మూడు ముప్పైల లెక్క ఒకటి వాడతారు: 30 డిగ్రీలు దాటిన వేడి, 30 శాతం కంటే తక్కువ తేమ, 30 కిలోమీటర్లు దాటిన గాలి కలిసిన రోజు అతి ప్రమాదకరం అని. నల్లమలలో ఫిబ్రవరి చివరి నుంచి దాదాపు ప్రతి మధ్యాహ్నమూ 30 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ మొదటి ముప్పై మనకు ఏమీ చెప్పదు. మిగిలిన రెండింటినీ పట్టించుకోవాలి; నా అభిప్రాయంలో ఇక్కడ దుమ్ము లేచే గాలి వీస్తే చాలు, ముప్పై దాకా ఆగనక్కరలేదు.

వాలు విషయంలో చాలామంది పొరబడతారు. నీరు పల్లానికి పరుగెత్తినట్టు నిప్పు ఎత్తుకు పరుగెత్తుతుంది. వాలు మీద మంట పై గడ్డికి దగ్గరగా వంగి ఉంటుంది, దాని వేడిగాలి పైకి లేస్తూ ఎదుటి గడ్డిని ముందే వేడెక్కించి, ఎండబెట్టి సిద్ధం చేస్తుంది. వాలు 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ మంట వేగం సుమారు రెండింతలవుతుందన్నది అడవి నిప్పుతో పనిచేసేవారు వాడే లెక్క. 10 డిగ్రీలంటే వంద మీటర్ల దూరంలో సుమారు 18 మీటర్లు ఎక్కడం. అది మన కొండల్లో సాధారణమైన వాలే. 20 డిగ్రీల చరియ మీద అదే మంట నాలుగింతల వేగంతో వస్తుంది, అక్కడ మనిషి నడక సగానికి పడిపోతుంది. తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న ట్రెక్కింగుకు వెళ్ళిన బృందం ఎండుగడ్డి చరియల మీద మంటల్లో చిక్కుకుంది. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మంట కింద ఉండి మనం పైన ఉన్నప్పుడు, ఇంకా పైకి పరుగెత్తడం తప్పించుకునే దారి కాదు. మంటకు పక్కగా, ఆకు లేని బండరాళ్ళ వైపో, అప్పటికే కాలి చల్లారిన నల్లనేల వైపో కదలాలి.

ఇరుకైన లోయలు, చెరువులకు దిగే గండ్లు పొగగొట్టంలా పనిచేస్తాయి. కృష్ణానది పక్కన నిలువుగా దిగే లోయగోడల దగ్గర ఈ ప్రభావం మరింత తీవ్రంగా ఉంటుంది. పగలు ఎండకు చరియ వేడెక్కి గాలి లోయ నుంచి శిఖరానికి ఎక్కుతుంది; సూర్యాస్తమయం తరువాత చల్లబడిన గాలి శిఖరం నుంచి దిగుతుంది. అంటే సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య మంట దిశ మారవచ్చు. అప్పటివరకు కిందినుంచి చూస్తూ నిలబడినవాడు ఆ మార్పును ముందే ఊహించి చోటు మార్చుకోవాలి.

నల్లమల వరుసలు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి కాబట్టి పడమటి చరియలు, అంటే నంద్యాల వైపు చూసే ముఖం, మధ్యాహ్నపు ఎండనంతా భరిస్తాయి. ఫిబ్రవరి, మార్చిలలో దక్షిణం వైపు వాలు ఉత్తరపు వాలు కంటే ముందే ఎండుతుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి మే మొదటి వారం మధ్య సూర్యుడు ఈ కొండలకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తరువాత ఉత్తరపు వాలు కూడా సమానంగా ఎండుతుంది. మార్చిలో పచ్చగా కనబడిన చోటు మేలోనూ సురక్షితమని నమ్మరాదు.

రోజులో ప్రమాదం ఎక్కువగా ఉండేది ఉదయం 11 నుంచి సాయంత్రం 5 వరకు. ఏప్రిల్, మే నెలల్లో దీనికి మరొక గండం తోడవుతుంది. మధ్యాహ్నం తరువాత దూదికొండల్లాంటి ఉరుము మేఘాలు లేస్తాయి. వాటి నుంచి వాన పడినా పడకపోయినా ఈదురుగాలి మాత్రం ముందుగా వచ్చి పడుతుంది. 40, 50 కిలోమీటర్ల వేగంతో అది ఏ దిక్కున వీస్తుందో ముందుగా చెప్పలేం. నెమ్మదిగా పాకుతున్న మంట పక్కకు తిరిగి, పక్క పొడవంతా ముందు వరసగా మారిపోయేది అప్పుడే. మంట ఆర్పుతున్నప్పుడు ఉరుము వినబడితే ముందు మనుషులను వెనక్కి తీసుకురావాలి.

నిప్పు ఎక్కడ పుడుతుంది

ఈ కొండల్లో నిప్పు దాదాపు ఎప్పుడూ మనిషి చేతిలోనే పుడుతుంది. ఎవరినీ దోషిగా నిలబెట్టడానికి నేను ఈ మాట అనడం లేదు. చేతిలో పుట్టేది కాబట్టి చేతితోనే ఆపగలమన్నది ఇందులోని ఆశ.

ఇప్పపూలు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతాయి. చెట్టు కింద ఆకులో అవి కనబడవు కాబట్టి ముందుగా ఆకును కాల్చడం పాత అలవాటు. దానికి బదులు చెట్టు చుట్టూ కొమ్మల నీడ పడినంత మేర ఆకును చీపురుతో ఊడ్చి దూరంగా పలుచగా పరిచి, కింద పాత చీరనో వలనో పరిస్తే పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది. మాడు వాసన లేని పువ్వుకు సంతలో విలువ కూడా ఎక్కువ. తునికాకు విషయంలో కొత్త చిగురు కోసం పొదలకు నిప్పు పెట్టడం ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదను నేల మట్టానికి కత్తితో నరికితే అదే చిగురు వస్తుంది, ఏప్రిల్, మే నాటికి కోతకు సిద్ధమవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు, తరతరాలుగా అడవిని నమ్ముకున్న ఇతరులకు ఈ సేకరణ హక్కును గుర్తించింది. ఆ హక్కు మీద ఏ మచ్చా పడకుండా ఉండాలంటే సేకరణలో నిప్పు లేకుండా చూసుకోవడం మనకే అవసరం. తేనె తీసేవారు పొగ కోసం వాడిన కట్టను నేల మీద తొక్కి వదలకూడదు. వెంట తెచ్చిన నీటిలో ముంచి, చేతితో తాకి చల్లబడిందని నిర్ధారించుకున్నాకే కదలాలి.

మేకలు, గొర్రెలు తోలేవారు కొత్త గడ్డి కోసం కాలుస్తారు. కాల్చిన చోట పచ్చిక త్వరగా వస్తుందన్న మాట నిజమే. అయితే ఏటా కాల్చిన చోట ఆకు మట్టిగా మారదు, మొలకెత్తిన మద్ది, టేకు మొక్కలు కాలిపోతాయి, తొలకరికి పైమట్టి కొట్టుకుపోయి కింది చెరువుల్లో పూడికగా చేరుతుంది. నాలుగైదేళ్ళలో ఆ చరియ మీద గడ్డి కూడా పలుచబడుతుంది. ఈ నష్టం కాపరికే మొదట తగులుతుంది కాబట్టి అతనితో కోపంగా కాక ఈ లెక్కతోనే మాట్లాడాలి.

పొలాల్లో కంది కట్టె, పత్తి కట్టె, మొక్కజొన్న మోళ్ళు కాల్చే పద్ధతి అడవి అంచున పూర్తిగా మానివేయాలి. రోటవేటరుతో నేలలో కలిపితే పొలానికే బలం. అడవి వైపు గట్టు వెంట ఐదారు మీటర్ల వెడల్పున ఫిబ్రవరిలోనే దున్ని మట్టి పైకి తెచ్చి ఉంచాలి. చెట్ల కొమ్మలకు తగిలే కరెంటు తీగలు, నిప్పురవ్వలు రాల్చే ట్రాన్స్‌ఫార్మరు కనబడితే లైన్‌మన్‌కు చెప్పి, దాని కింద గడ్డిని చెక్కించాలి.

భక్తుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. మహాశివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం కాలినడకన వెళ్ళేవారు వేలాదిమంది ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుకుంటారు. ఉగాది యాత్రికుల్లో కన్నడ నేల నుంచి వచ్చేవారు ఎక్కువ. చైత్ర పౌర్ణమికి అమ్రాబాద్ అడవిలోని సలేశ్వరం లోయకు జనం దిగుతారు. ఈ మూడూ అడవి అతిగా ఎండిన రోజుల్లోనే వస్తాయి. వీలైనంతవరకు వండిన ఆహారం వెంట తెచ్చుకోవాలి, లేదా దారిలోని అన్నదాన శిబిరాల్లోనే తినాలి. రాళ్ళపొయ్యి పెట్టవలసి వస్తే అధికారులు చూపిన చోటనే, చుట్టూ మూడు నాలుగు మీటర్లు ఆకు ఊడ్చి, నీళ్ళ బిందె పక్కన పెట్టుకొని వెలిగించాలి. వెళ్ళేటప్పుడు నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, అరచేతి వెనక భాగంతో వేడి చూడాలి. మట్టి కప్పితే లోపల నిప్పు గంటల తరబడి బతుకుతుంది. చెట్ల మొదళ్ళలో కర్పూరం, అగరువత్తులు వెలిగించవద్దు. శివుడి అడవిని కాల్చి శివుడి దర్శనానికి వెళ్ళడం ఏ భక్తుడూ కోరుకోడు. కన్నడ భక్తులకు కన్నడంలోనే ఈ మాటలు రాసిన బోర్డులు దారిలో పెట్టించడం వన సంరక్షణ సమితులు చేయగలిగిన మంచి పని.

దోర్నాల, మన్ననూరు ఘాట్ రోడ్ల మీద వాహనాల నుంచి విసిరే సిగరెట్ ముక్కల వల్ల రోడ్డు పక్కనే మంటలు పుడతాయి. అభయారణ్యంలో దానికి హాని కలిగేలా నిప్పు పెట్టడం, రాజేయడం, వెలుగుతున్న నిప్పును వదిలి వెళ్ళడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం నేరం.

ఊరు చేయవలసిన సన్నాహం

అటవీ శాఖ వేసవికి ముందే ఫైర్ లైన్లను, అంటే మంట దాటకుండా గడ్డి, ఆకు తీసి ఉంచే ఖాళీ గీతలను, శుభ్రం చేయిస్తుంది. ఊరి పని దాన్ని పూర్తి చేయడం. ఊరికి, అడవికి మధ్య ఉన్న బండిదారి రెండు పక్కలా గడ్డిని చెక్కి, మార్చి నుంచి పది పదిహేను రోజులకొకసారి ఆకును ఊడ్చాలి. ఫిబ్రవరిలో ఒక్కసారి ఊడ్చి వదిలేస్తే ఏప్రిల్ నాటికి ఆ గీత మళ్ళీ ఆకుతో నిండి పనికిరాకుండా పోతుంది. గీత వెడల్పు అక్కడ లేవగల మంట ఎత్తుకు రెండు మూడింతలైనా ఉండాలి. బోద కప్పిన గుడిసెల చుట్టూ పది మీటర్లు నేల కనబడేలా ఉంచాలి, గడ్డివాములను ఇంటికి పడమటి వైపు వేయకుండా దూరంగా వేయాలి, డ్రమ్ముల్లో నీళ్ళు నింపి మూతలు పెట్టాలి.

కావలికి చుట్టూ కనబడే ఒక గుట్టను ఎంచుకొని, ఉదయం పది నుంచి చీకటి పడేదాకా ఇద్దరిద్దరు వంతులవారీగా కూర్చోవాలి. ఈ పనిలో చెంచుల కంటికి సాటి లేదు. ఏ కుంట ఎక్కడుందో, ఏ దారిన మంట దిగుతుందో వారికి తెలుసు. వారికి ఈ పని ఇచ్చినప్పుడు సరైన కూలీ సకాలంలో అందేలా చూడడం సమితి బాధ్యత.

పొగ కనబడ్డాక

మొదట ఫోను, తరువాత పరుగు. బీట్ ఆఫీసరుకు, రేంజి ఆఫీసుకు చెప్పాలి; అందకపోతే 101 లేదా 112కు. ఆ నంబర్లన్నీ కాగితం మీద రాసి కావలి చోట కట్టి ఉంచాలి. చెప్పేటప్పుడు కొండ పేరు, దగ్గరి కుంట లేదా గుడి, రోడ్డు కిలోమీటరు రాయి, మంట వాలులో ఎక్కడుంది, గాలి ఏ వైపు వీస్తోంది, దగ్గరలో మనుషులు, పశువులు ఉన్నారా అన్నవి చెప్పాలి.

మంట మోకాలి ఎత్తులోపు ఉండి, సమతలంలో నెమ్మదిగా పాకుతుంటేనే, అదీ శిక్షణ ఉన్న నలుగురైదుగురు కలిసి ఉంటేనే ఆర్పడానికి దగ్గరకు వెళ్ళాలి. నడుము ఎత్తు దాటిన మంటను కొమ్మలతో ఆర్పలేం. వెళ్ళేవారు నూలు బట్టలు, తోలు చెప్పులో బూట్లో వేసుకోవాలి. నైలాన్, పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటాయి. కాలి చల్లారిన చోటు నుంచో, రోడ్డు నుంచో పని మొదలుపెట్టి, మంట వెనక నుంచి పక్కల వెంట ముందుకు సాగాలి. దాని ముఖానికి ఎదురు నిలవకూడదు, దానికి పైవాలులో అసలే ఉండకూడదు. పచ్చికొమ్మతో కొట్టేటప్పుడు కొమ్మను ఎత్తి బాదితే నిప్పురవ్వలు ఎగిరి పక్కన పడతాయి. నిప్పును కాలిన వైపుకు తోస్తూ నేలకు అదిమి పట్టాలి. మంటకు ముందుగా ఒక మీటరు వెడల్పున ఆకును మట్టి కనబడేదాకా ఊడ్చడం చాలాసార్లు కొట్టడం కంటే మేలు. ఒకరు ఆర్పే పనిలో కలవకుండా, గాలిని, మంటను, మనుషులను చూస్తూ నిలబడాలి. వెనక్కి వెళ్ళే దారి ఏదో అందరికీ ముందే తెలిసి ఉండాలి. ఎదురు మంట పెట్టడం, అంటే వచ్చే మంటకు మేత మిగలకుండా దాని ముందున్న గడ్డిని, ఆకును ముందే కాల్చడం, అటవీ సిబ్బంది నిర్ణయించి చేయవలసిన పని. ఊరివారు దాన్ని ప్రయత్నించరాదు.

మంట పెద్దదైతే మన పని ఊరిని కాపాడుకోవడమే. 2014 మార్చిలో తిరుమల శేషాచలంలో మంటలు రేగినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లను కూడా రప్పించవలసి వచ్చింది. అంతటి మంట ముందు పచ్చికొమ్మ పట్టుకొని నిలబడనక్కరలేదు. పిల్లలను, ముసలివారిని, పశువులను ముందుగా దున్నిన పొలాల వైపు తరలించాలి. కట్టేసిన పశువుల పలుపులు విప్పడం మరచిపోవద్దు.

ఆరిన తరువాత

ఆరిన మంటలో సగం పని ఇంకా మిగిలే ఉంటుంది. బోలు మానుల లోపల, మోళ్ళ వేళ్ళలో, ఎండిన పేడకుప్పల్లో నిప్పు కనబడకుండా రాజుకుంటూ ఉంటుంది. వాలు మీద కాలిన దుంగ దొర్లి కిందికి, కాలని చోటికి చేరుతుంది; అందుకే వాలులో దుంగలను అడ్డంగా తిప్పి, రాళ్ళు పెట్టి నిలపాలి. కాలిన చోటు అంచు వెంట కనీసం 24 గంటలు తిరగాలి, ముఖ్యంగా మరునాడు మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు. పొగ కనబడని చోట చేతి వెనక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి వేడి చూడాలి. సగం కాలి నిలబడిన మానుల కింద కూర్చోకూడదు, అవి చప్పుడు లేకుండా కూలుతాయి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు, వాటితోపాటు పడమటి గాలులు జూన్ మొదటి వారం దాకా ఉంటాయి. నైరుతి రుతుపవనాలు రాయలసీమకు సాధారణంగా జూన్ మొదటి పది రోజుల్లో వస్తాయి. మృగశిర మొదటి జల్లుకు కావలి ఎత్తకూడదు. రెండు మూడు మంచి వానలు పడి, పిడికిట్లో నలిపిన ఆకు మధ్యాహ్నం కూడా మెత్తగా ఉండి, కాలికింద కొత్త గడ్డి మొలక కనబడినప్పుడే కావలి చాలించాలి. ఆ వారంలోనే సమితి ఒకసారి కూర్చొని, ఈ ఏడు నిప్పు పుట్టిన ప్రతి చోటును, తేదీని, వేళను, గాలి దిక్కును పుస్తకంలో రాసుకోవాలి. వచ్చే జనవరిలో ఫైర్ లైను ఎక్కడ వెడల్పు చేయాలో ఆ పుస్తకం చూసి నిర్ణయించుకోవచ్చు.